గజ్జి కురుపుల వెనుకే ముఖం ఉబ్బు

తెల్లవారేసరికి పిల్లవాడి ముఖం ఉబ్బి ఉంటుంది. మూత్రం మాంసం కడిగిన నీళ్ళలా వస్తుంది. మన డెల్టా పల్లెల్లో దీన్ని "నీరు పట్టింది" అంటారు. ఆ మాట నిజమే. కాని మూడు, నాలుగు వారాల కిందట కాళ్ళమీద లేచి మానిపోయిన గజ్జి కురుపులే దీనికి మూలం కావచ్చునంటే చాలామంది నమ్మరు.

గోకిన పుండులో స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి చేరుతుంది. శరీరం దానికి విరుగుడు తయారుచేసుకుంటుంది. క్రిమి తునకలూ, విరుగుడూ ముద్దకట్టి మూత్రపిండాల్లోని సన్నని జల్లెడలో చిక్కుకుంటాయి. శివారు తూముకు గుర్రపుడెక్క అడ్డుపడినట్టే!

చిక్కంతా ఆ తర్వాతే. రక్తంలో సి-3 అనే మాంసకృత్తు ఒకటి ఉంది. శత్రువు కనిపించినచోట అంటుకుని తెల్లకణాలను రప్పించడం దాని పని. మామూలుగా మనకది మేలే. ఇక్కడ మాత్రం పోరు జల్లెడమీదే సాగుతుంది. జల్లెడ వాచి, చిల్లులుపడి రక్తమూ, అల్బుమినూ మూత్రంలోకి జారతాయి. ఉప్పూ, నీరూ ఒంట్లో నిలిచిపోతాయి. ఉబ్బు రోగికి ఉప్పు మాన్పించిన మన ముసలమ్మలు తెలివైనవాళ్ళే.

ఈ పోరులో సి-3 ఖర్చయిపోతుంది కనుక రక్తపరీక్షలో అది తక్కువగా కనిపిస్తుంది. సాధారణంగా 6 నుంచి 8 వారాల్లో మళ్ళీ పుంజుకుంటుంది. పుంజుకోకపోతే ల్యూపస్ వంటి వేరే జబ్బేమోనని డాక్టర్లు వెతుకుతారు. సి-3 అదుపుతప్పడం వల్లే వచ్చే అరుదైన మూత్రపిండాల జబ్బు కూడా ఒకటి ఉంది. దానికి ఒక నోటిమందును 2025లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం జబ్బూ ఇదేనా అని కొందరు అడుగుతున్నారు. కాదు. అది పెద్దవాళ్ళలో ఏళ్ళ తరబడి చాపకింద నీరులా ముదిరేది. పిల్లల ఉబ్బు చాలావరకు పూర్తిగా తగ్గిపోతుంది.

అలాగని పసరు పోయించి ఇంట్లో కూర్చోబెట్టరాదు. రక్తపోటు పెరిగితే ఫిట్సు వస్తాయి, ఆయాసం వస్తుంది. మూత్రం రంగు మారినా, తగ్గినా ఆ రోజే ఆరోగ్య కేంద్రంలో చూపించాలి. పెద్ద వైద్యానికి రంగరాయ వైద్య కళాశాల అనుబంధ ఆసుపత్రి కాకినాడలో ఉంది.

గజ్జి మందు మాత్రం ఒక్క పిల్లవాడికి రాస్తే లాభం లేదు. ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి మెడ నుంచి అరికాళ్ళ దాకా రాసుకోవాలి. వారానికి మళ్ళీ రాసుకోవాలి. పక్కబట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరవేయాలి.