నవ్వకండి, ఈ ‘మామా’ ఒక అమ్మ!

2011 జనాభా లెక్కలప్పుడు మా ఇంటికొచ్చిన టీచరుగారు “మీరేం పనిచేస్తారమ్మా?” అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా మావారు “ఏం చెయ్యదండీ, ఇంట్లోనే” అన్నారు. ఆవిడ అలాగే రాసుకుని వెళ్ళింది. పొద్దున్న అయిదింటికే లేచిన నా నడుం మాత్రం ఒప్పుకోలేదు!

ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నాకు గెర్‌ట్రూడ్ మొంగెల్లా గుర్తొస్తుంది. ఆవిడది ఆఫ్రికాలోని టాంజానియా. అందరూ ‘మామా బీజింగ్’ అంటారు. నవ్వకండి, వాళ్ళ స్వాహిలీ భాషలో ‘మామా’ అంటే అమ్మ!

విక్టోరియా సరస్సులోని ఉకెరెవె దీవిలో 1945లో పుట్టింది. పన్నెండేళ్ళకే చదువు కోసం దీవి దాటి, నన్స్ నడిపే బడిలో చేరింది. 1970లో దారెస్సలాంలో డిగ్రీ పూర్తిచేసి, ఉపాధ్యాయ శిక్షణ కాలేజీలో పంతులమ్మయింది. 1980లో పార్లమెంటులో అడుగుపెట్టింది. ఆ తర్వాత మంత్రయింది. 1990ల మొదట్లో టాంజానియా హైకమిషనర్‌గా మన ఢిల్లీకే వచ్చింది. అంతలోనే ఐక్యరాజ్యసమితి ఆవిడకో పెద్ద బరువు అప్పగించింది. 1995 సెప్టెంబరులో బీజింగ్‌లో జరిగే నాలుగో ప్రపంచ మహిళా మహాసభకు ఆవిడే సెక్రటరీ జనరల్!

పేరు పెద్దదే కానీ పని కత్తిమీద సాము. ఒక దేశం ఔనన్నది ఇంకో దేశం కాదనేది. ఆస్తిలో ఆడపిల్ల వాటా, పిల్లల్ని కనే విషయంలో ఆడవాళ్ళ ఇష్టం, అన్నిటికీ తగువే. కుదరని వాక్యాలను బ్రాకెట్లలో పెట్టి రాత్రింబవళ్ళు చర్చించారు. స్వచ్ఛంద సంస్థల మహిళలకేమో ఊరికి దూరంగా హువాయ్‌రోలో చోటిచ్చారు. వేలాదిమంది ఆ వానలో, బురదలోనే సభలు జరుపుకున్నారు.

చివరికి కొన్ని దేశాలు తమ అభ్యంతరాలు రాసిపెట్టుకున్నా, 189 దేశాల ఒప్పందంతో 12 అంశాల కార్యాచరణ పత్రం వెలువడింది. ఆడవాళ్ళమీద హింస, చదువు, ఆరోగ్యం, అధికారంలో వాటా, అన్నీ అందులో ఉన్నాయి. నా కళ్ళు ఆగింది మాత్రం ఒక్కచోట. ఇంట్లో ఆడవాళ్ళు జీతం లేకుండా చేసే పనిని కొలవాలి, దానికి విలువ కట్టాలి అని ఉందక్కడ.

మొంగెల్లా అక్కడితో ఆగలేదు. 2000లో సొంత దీవినుంచే మళ్ళీ పార్లమెంటుకు ఎన్నికైంది. 2004లో ఆఫ్రికా దేశాల ఉమ్మడి పార్లమెంటుకు తొలి అధ్యక్షురాలైంది.

మరి ఆ కొలత సంగతి? మనదేశంలో 2019లో దేశమంతటా సర్వే చేసి ఆ లెక్కా తీశారు. ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. అంటే మనకి దాదాపు అయిదు గంటలు, వాళ్ళకి గంటన్నర!

ఆ అంకెలు మావారికి చూపించాను. చదివి, మాట్లాడకుండా కాఫీ గ్లాసు తీసుకెళ్ళి సింకులో పెట్టారు. కడగలేదనుకోండి! ఈసారి లెక్కలవాళ్ళొస్తే మాత్రం జవాబు నేనే చెబుతాను.