పాఠం ఒకటే, జీతం వేరు

ఉద్యోగంలో అసంతృప్తి అనగానే పని ఎక్కువైందనుకోవడం మామూలు. చాలా సందర్భాల్లో అసలు కారణం అది కాదు. ఇష్టపడి, పోటీపడి తెచ్చుకున్న పనే కొన్నేళ్లకు రుచించకుండా పోతుంది. ఎందుకలా అవుతుందో తెలుసుకోవడానికి ఉస్మానియా విశ్వవిద్యాలయం, దాన్ని ఆనుకుని ఉన్న తార్నాక సరిపోతాయి.

1918లో మొదలైన ఉస్మానియాలో ఇప్పుడు బోధన చాలావరకు కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకుల మీద నడుస్తోంది. పీహెచ్‌డీ చేసి, నెట్టో సెట్టో గట్టెక్కి, పదిహేను ఇరవయ్యేళ్లుగా ఒకే విభాగంలో పాఠాలు చెబుతున్నవారు వీరిలో ఉన్నారు. పొద్దున రెగ్యులర్ ప్రొఫెసర్ ఎమ్మే క్లాసు ముగించి వెళ్తే, మరుసటి గంటకు అదే బోర్డు ముందు కాంట్రాక్టు అధ్యాపకుడు నిలబడతాడు. సిలబస్ ఒకటే, పరీక్ష ఒకటే, దిద్దాల్సిన పేపర్ల కట్టలూ ఒకలాంటివే. పిల్లలు ఇద్దరినీ ‘సార్’ అనే పిలుస్తారు. తేడా జీతం పడే రోజున తెలుస్తుంది, కాంట్రాక్టు పొడిగింపు కాగితం కోసం ఎదురుచూసే రోజుల్లో ఇంకా బాగా తెలుస్తుంది.

మనిషి తన జీతాన్ని విడిగా చూసుకోడు. తాను పెట్టే శ్రమను, తనకు దక్కేదాన్ని పక్కవాడితో పోల్చుకుంటాడని అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ స్టేసీ ఆడమ్స్ 1963లో సూత్రీకరించాడు. స్టాఫ్‌రూములో పక్క కుర్చీయే కొలమానమైతే ఇక చెప్పేదేముంది! సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని 2016లో జగ్‌జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాంట్రాక్టు అధ్యాపకులు మొత్తం పోస్టుల్లో పది శాతం మించకూడదని, వారి వేతనం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ స్థూల జీతానికి తగ్గకూడదని యూజీసీ 2018 నిబంధనలు చెబుతున్నాయి. రాసినదానికీ జరుగుతున్నదానికీ మధ్య ఉన్న ఆ దూరమే సగం అసంతృప్తి.

మిగతా సగం ఎదుగుదలకు సంబంధించింది. మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ బృందం పిట్స్‌బర్గ్ ప్రాంతపు ఇంజినీర్లను, అకౌంటెంట్లను ప్రశ్నించి 1959లో ఒక మెలిక బయటపెట్టింది. జీతం, భద్రత, పైఅధికారి తీరు బాగా లేకపోతే అసంతృప్తి కలుగుతుంది. అవి బాగున్నంత మాత్రాన తృప్తి కలగదు, దానికి గుర్తింపు, బాధ్యత, ఎదుగుదల కావాలి. కాంట్రాక్టు అధ్యాపకుడికి రెండు వైపులా లోటే. పూర్తికాలపు రెగ్యులర్ అధ్యాపకులే పరిశోధనకు గైడుగా ఉండాలని యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో ఉంది. అంటే కాంట్రాక్టు అధ్యాపకుడి దగ్గర పాఠం విని పరిశోధన మీద ఆశ పెంచుకున్న విద్యార్థి గైడు కోసం ఇంకొకరి తలుపు తట్టాలి. ఏళ్లు గడిచాయి గనుక పర్మినెంట్ చేయమని అడిగితే, ఎక్కువ కాలం పనిచేయడం ఒక్కటే హక్కు ఇవ్వదన్న 2006 నాటి సుప్రీంకోర్టు ఉమాదేవి తీర్పు అడ్డొస్తుంది. 2025 ఏప్రిల్‌లో కొత్త నియామకాల జీవో 21 రాగానే వీరు రోడ్డెక్కింది అందుకే. ఇన్నేళ్లు చేసిన పని లెక్కలోకి రాదేమోనన్నదే వారి భయం.

క్యాంపస్ దాటి తార్నాక చౌరస్తాకు వస్తే కథ వేరు. ఆర్టీసీ డ్రైవరుది పర్మినెంటు ఉద్యోగమే కావచ్చు, కానీ బస్సు కదిలే తీరు మీద అతనికి పట్టు లేదు. సమయానికి డిపో చేరాలి, లీటరుకు ఇన్ని కిలోమీటర్లు రావాలి, సిగ్నల్ దగ్గర పదే పదే ఆగినా లెక్క మారదు. 2023 డిసెంబరు 9న మహిళలకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలయ్యాక బస్సులు కిక్కిరిశాయి. ఫుట్‌బోర్డు దాకా నిండిన బస్సులో కండక్టరు ఒక్కో మహిళకూ జీరో టికెట్ కొట్టాలి. మహిళలకు అది మేలే, ఆ మేలు మోసేది మాత్రం కండక్టరు.

ఒత్తిడి ఎక్కువగా, పని మీద స్వేచ్ఛ తక్కువగా ఉన్న ఉద్యోగాలే మనిషిని ఎక్కువగా కుంగదీస్తాయని పరిశోధకుడు రాబర్ట్ కారాసెక్ 1979లో స్వీడన్, అమెరికా వివరాలతో వాదించాడు. సిటీ బస్సు నడపడం సరిగ్గా ఆ కోవలోకి వస్తుంది. 2019 అక్టోబరు 5న మొదలై 52 రోజులు సాగిన ఆర్టీసీ సమ్మెలో ప్రధాన డిమాండు ప్రభుత్వంలో విలీనం. 2023 ఆగస్టులో శాసనసభ ఆ విలీనం బిల్లును ఆమోదించింది. విలీనంతో భద్రత రావచ్చు. ట్రిప్పుకు ఇచ్చే రన్నింగ్ టైమ్ ఎవరు నిర్ణయించాలన్న సంగతి మాత్రం అలాగే ఉంటుంది.

పనిచోట అదుపులోకి రాని ఒత్తిడి వల్ల వచ్చే అలసటను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వ్యాధిగా కాక వృత్తి సంబంధమైన సమస్యగా నమోదు చేసింది. కనుక యోగా శిబిరాలు, ప్రేరణ ఉపన్యాసాలు పెట్టి ఉద్యోగినే సరిదిద్దాలనుకోవడం సగం వైద్యం కూడా కాదు. తార్నాకలోని ఆర్టీసీ ఆసుపత్రిలో బీపీకి మాత్ర దొరుకుతుంది. డ్యూటీ చార్టు మార్చే అధికారం డాక్టరుకు లేదు, అది యాజమాన్యం చేతిలో ఉంది. ఉస్మానియాలో ఖాళీ పోస్టులు నింపే అధికారం ప్రభుత్వం చేతిలో ఉంది.