పెద్దతనమా? నీటిదోషమా?
మెట్టసీమలో నడుము, కీళ్ల బాధలు

వయసు మీరినవారికి నడుము పట్టుట, మోకాళ్లు నొచ్చుట, మెడ తిరుగకపోవుట ఎల్లెడల కనిపించు బాధలే. గుంటూరు, ప్రకాశం మెట్టపల్లెలలో పత్తితీతకు, మిరపకోతకు ఏండ్ల తరబడి నడుము వంచిన స్త్రీపురుషులకు ఇవి మరింత తెలిసిన బాధలు. "పెద్దతనము వచ్చినది, ఇక ఇంతే" అని ఇంటివారు సరిపెట్టుకొందురు. కాని ఈ ఒక్కమాట చాటున కనీసము మూడు వేరువేరు వ్యాధులు దాగియున్నవి. వాని కారణములు వేరు, చికిత్సలు వేరు. ఒకదానికి మేలుచేయు మందు మరొకదానికి పనికిరాకపోవచ్చును. ఆ మూడింటిలో ఒకటి వయసువలన వచ్చునది కానేకాదు. అది త్రాగునీటి వలన వచ్చునది.

ఎముకలు గుల్లబారుట

ఎముక ఇంటికి నిలిపిన రాతిస్తంభము వంటిది కాదు. అందులో నిత్యము రెండు రకముల కణములు పనిచేయుచుండును. ఒక జాతి కణములు పాత ఎముకను కరగించును. మరొక జాతి కణములు క్రొత్త ఎముకను కట్టును. సుమారు ముప్పది ఏండ్ల వరకు కట్టుబడి పైచేయిగా ఉండును. ఆపై క్రమముగా కరుగుట హెచ్చును.

స్త్రీలకు ముట్లుడుగు కాలమున ఈస్ట్రోజెను అను హార్మోను తగ్గిపోవును. ఎముకను కరగించు కణములను అదుపులో ఉంచునది ఆ హార్మోనే. అందుచేత ముట్లుడిగిన తరువాతి కొన్నియేండ్లలో ఎముకసారము వేగముగా పోవును. పురుషులకు ఇట్టి ఆకస్మికపు తరుగుదల లేదు. వారి ఎముక నెమ్మదిగా తరుగును; డెబ్బది ఏండ్ల ప్రాంతమున స్త్రీపురుషులకు తరుగుదల వేగము ఇంచుమించు సమానమగును. చుట్ట, బీడి, సారాయి అలవాట్లు ఈ తరుగుదలను త్వరపెట్టును.

ఈ వ్యాధి చాలకాలము నొప్పి లేకుండనే సాగును. స్నానాల గదిలో కాలుజారి తుంటియెముక విరిగినప్పుడో, వెన్నుపూస నలిగి మనిషి పొట్టియైనప్పుడో బయటపడును.

కీళ్లు అరుగుట

రెండవది మోకాలి కీలు అరుగుట. ఎముకల కొనలను కప్పియుండు మెత్తని మృదులాస్థి పలుచబడి, ఎముకకు ఎముక ఒరయును. మెట్లెక్కునప్పుడు, గొంతుకూర్చుండి లేచునప్పుడు నొప్పి హెచ్చును; విశ్రాంతి తీసికొన్నచో తగ్గును. బరువు తగ్గించుకొనుట, తొడకండరములకు తగిన వ్యాయామము, చేతికర్ర, ఎత్తైన పీట మొదటి చికిత్సలు. కీలు పూర్తిగా చెడినచో శస్త్రచికిత్సచే కృత్రిమమైన కీలు అమర్తురు.

1937 నాటి పరిశోధన

మూడవ వ్యాధికి ఈ సీమయే భారతదేశమున మొదటి సాక్ష్యము. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములు ఆనాడు మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాకు చెందియుండెను. (1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాలో ఇవి చేరినవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చినది.) ఆ జిల్లా గ్రామములలో వెన్ను కొయ్యవలె బిగిసి, మెడ తిరుగక, నడక కోల్పోయిన వారిని షార్ట్, ఆయన సహచరులు పరీక్షించిరి. త్రాగునీటిలోని ఫ్లోరైడు అధికమగుటయే దీనికి కారణమని 1937లో ప్రకటించిరి. ఆ పరిశోధకులలో సి. జి. పండిట్, టి. ఎన్. ఎస్. రాఘవాచారి ఉండిరి. అంతవరకు వాతమనియు, వార్ధక్యమనియు తలచిన బాధకు ఫ్లోరోసిస్ అను పేరు ఈ దేశమున ఆ విధముగా స్థిరపడినది.

నీటిలోనికి ఎట్లు చేరును?

మెట్టసీమ అడుగున ఉన్నవి ప్రాచీనమైన కఠినశిలలు. వానిలోని కొన్ని ఖనిజములలో ఫ్లోరిను ఇమిడియున్నది. రాతి పగుళ్లలో ఏండ్ల తరబడి నిలిచిన నీరు దానిని కొద్దికొద్దిగా కరగించుకొనును. నీటిలో కాల్షియము విశేషముగా ఉన్నచో ఫ్లోరైడు దానితో కలిసి అడుగునకు దిగును. క్షారగుణము హెచ్చి, కాల్షియము తక్కువైన నీటిలో అట్లు దిగక కరిగియే ఉండును. వాన తక్కువై, ఎండ తీవ్రమైన చోట భూగర్భజలము త్వరగా మారదు, ఫ్లోరైడు చిక్కబడును.

నదినీటిలో ఈ దోషము సాధారణముగా స్వల్పము. 1967లో నాగార్జునసాగర్ నుండి నీరు విడువబడిన తరువాత కుడికాలువ అందిన గ్రామములకు పైరుతో పాటు ఈ మేలును కలిగినది. కాలువ అందని ఊళ్లు బావులను, బోర్లను నమ్ముకొనవలసివచ్చినది.

ఎంత హెచ్చు?

భారతీయ ప్రమాణముల ననుసరించి లీటరు త్రాగునీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరు ఆధారము లేనప్పుడు 1.5 వరకు అనుమతింతురు. అన్ని మార్గముల నుండి శరీరమునకు చేరు ఫ్లోరైడు రోజుకు 6 మిల్లీగ్రాములు దాటినచో ఎముకలకు హాని కలుగు సూచనలున్నవనియు, 14 మిల్లీగ్రాముల వద్ద హాని స్పష్టమనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించినది.

ఇక్కడ చిన్న లెక్క వేసి చూడవచ్చును. నీడను కూర్చుండువాడు రోజుకు రెండు లీటర్లు త్రాగునేమో. చైత్రపుటెండలో మిరపచేనిలో పనిచేయు కూలి అయిదు లీటర్లు త్రాగును. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న ఒకే బావినీటిలో మొదటివానికి 6, రెండవవానికి 15 మిల్లీగ్రాములు చేరినట్లు. అన్నము, పప్పు ఉడికించిన నీరు, తేనీరు దీనికి అదనము. 1.5 మిల్లీగ్రాముల నీరైనను అయిదు లీటర్లు త్రాగువానికి 7.5 మిల్లీగ్రాములిచ్చును. కాయకష్టము చేయువానికే ఈ వ్యాధి ముందు కనబడుటకు ఇది ఒక కారణము.

శరీరములో జరుగునది

త్రాగిన ఫ్లోరైడులో ఆరోగ్యవంతుడైన పెద్దవానికి సుమారు సగము మూత్రములో పోవును. నిలిచిన దానిలో దాదాపు అంతయు ఎముకలకు, దంతములకు చేరును. అక్కడి కాల్షియపు స్ఫటికములలో ఫ్లోరైడు ప్రవేశించి వాని అల్లికను మార్చును. ఎముక దళసరియగును. ఎముకలను కలుపు స్నాయువులు కూడ సున్నపుబారి గట్టిపడును. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుకుకొన్నట్లగును. వెన్నుపాము పోవు నాళము ఇరుకైనచో కాళ్లు తిమ్మిరిపట్టి బలహీనపడును.

వయసుతో మూత్రపిండముల శక్తి తగ్గును. ఇరువది ఏండ్లనాడు బయటకు పంపినంత ఫ్లోరైడును అరువది ఏండ్లనాడు అవి పంపలేవు. నీరు మారకున్నను, శరీరములో నిలుచు పాలు పెరుగును. కీళ్లనొప్పికి దుకాణములో కొని మ్రింగు నొప్పిబిళ్లలు, చిరకాలము వాడినచో, మూత్రపిండములను చెరచును. నొప్పికై బిళ్ల, బిళ్లచే మూత్రపిండము, దానిచే మరింత ఫ్లోరైడు, దానిచే మరింత నొప్పి! పెద్దవారి విషయమున ఈ విషవలయమును త్రెంచుట ముఖ్యము.

దళసరి ఎముక బలమైన ఎముక కాదు

ఫ్లోరైడు ఎముకను దళసరి చేయును గదా, గుల్లబారిన ఎముకకు అదియే మందు కారాదా అని పాశ్చాత్య వైద్యులు ఒకప్పుడు భావించిరి. అమెరికాలో ముట్లుడిగి, వెన్నుపూసలు నలిగిన 202 మంది స్త్రీలపై నాలుగేండ్లు జరిగిన పరీక్ష ఫలితములు 1990లో వెలువడినవి. సగముమందికి కాల్షియముతో పాటు రోజుకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడు, మిగిలినవారికి కాల్షియముతో ఉత్తబిళ్ల ఇచ్చిరి. ఫ్లోరైడు తీసికొన్నవారి నడుము వెన్నుపూసల సాంద్రత 35 శాతము పెరిగినది. అయినను వెన్నుపూసలు నలుగుట గణనీయముగా తగ్గలేదు. తక్కిన ఎముకలు విరుగుట మాత్రము రెండవ జట్టుతో పోల్చినచో సుమారు మూడురెట్లైనది.

ఈ పాఠము మెట్టసీమ వృద్ధులకు నేరుగా వర్తించును. ఎముకసాంద్రత కొలుచు యంత్రము ఫ్లోరోసిస్ రోగికి మంచి అంకె చూపవచ్చును. ఆ అంకెను చూచి ఎముక గట్టిదని నమ్మరాదు.

గుర్తించు విధము

మోకాలి అరుగుదల నడిచినప్పుడు మోకాలిలో నొచ్చును. గుల్లబారుట చప్పుడులేక వచ్చి విరుగుటతో తెలియును. ఫ్లోరోసిస్ సాధారణముగా వెన్ను, మెడ, తుంటి బిగియుటతో మొదలగును. మూడు సులభ పరీక్షలున్నవి: మోకాళ్లు వంచక కాలివ్రేళ్లు తాకుట, గడ్డమును రొమ్మునకు ఆనించుట, రెండు చేతులు చాచి, మోచేతులు మడిచి తలవెనుక తాకుట. ఇవి చేయలేనివారందరు ఫ్లోరోసిస్ రోగులని కాదు; వారు పరీక్ష చేయించుకొనదగినవారని భావము. ఎక్స్‌రేలో ఎముకలు దళసరిగా కనబడుటయు, ముంజేతి రెండెముకల నడిమి పొర సున్నపుబారుటయు, మూత్రములో ఫ్లోరైడు హెచ్చుటయు వ్యాధిని రూఢిచేయును.

పండ్లపై గోధుమరంగు చారలుండుట మంచి ఆనవాలు. కాని అవి దంతములు ఏర్పడు బాల్యమున ఆ నీరు త్రాగినవారికే వచ్చును. కాలువనీటి ఊరిలో పుట్టి, కాపురమునకు ఫ్లోరైడు ఊరు వచ్చిన స్త్రీకి పండ్లు తెల్లగా ఉండగనే వెన్ను బిగియవచ్చును. "పండ్లు బాగున్నవి గదా" అని ఆమె మాట త్రోసిపుచ్చరాదు.

కాళ్లలో తిమ్మిరి, నడకలో తూలుట, మూత్రము బిగియుట కలిగినచో ఆలస్యము చేయరాదు. పురుషులలో మూత్రము బిగియుటకు ప్రోస్టేటు గ్రంథి పెరుగుదల సామాన్య కారణమే; కాళ్ల బలహీనత కూడ ఉన్నప్పుడు వెన్నుపాము నొక్కుబడినదేమో చూడవలెను. అట్టి కొందరికి శస్త్రచికిత్స మేలు చేయును.

చికిత్స, నివారణ

గుల్లబారిన ఎముకకు నేడు మంచి మందులున్నవి. కాల్షియము, డి విటమినులతో పాటు, ఎముకను కరగించు కణములను అణచు ఔషధములు విరుపులను తగ్గించును. మూత్రపిండములను పరీక్షించిన పిమ్మటనే వైద్యుడు వీనిని నిర్ణయించును. ఆహారములో రాగులు శ్రేష్ఠము: 100 గ్రాములలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియమున్నది. పాలు, పెరుగు, నువ్వులు, మునగాకు కూడ మంచివి.

ఎముకలో ఇమిడిన ఫ్లోరైడును ఊడ్చివేయు మందు లేదు. నీరు మార్చుటయే మూలచికిత్స. మార్చినచో నిలువ ఏండ్లమీద నెమ్మదిగా తగ్గును, వ్యాధి ముదురుట ఆగును. నీరు కాచినందున ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైనకొద్ది అది చిక్కబడును. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1975లో వెలువరించిన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నము, బ్లీచింగు పొడి తగుపాళ్లలో కలిపి, నెమ్మదిగా త్రిప్పి, మడ్డి దిగిన పిమ్మట పైనీరు తేర్చుకొందురు. పాళ్లు నీటిని బట్టి మారును గనుక పరీక్షించి నిర్ణయింపవలెను. ఉత్తేజిత అల్యూమినా, ఆర్‌ఓ యంత్రములు కూడ ఫ్లోరైడును తీయును. వాననీరు పట్టి నిలువచేసికొనుట మరొక మార్గము. శుద్ధిచేసిన నీరు తెచ్చు ఇండ్లలో దానిని త్రాగుటకు మాత్రమే ఉంచి, వంటకు బోరునీరు వాడుట కలదు. దానివలన ఫలము సగమగును.

చింతపండు తినినచో మూత్రములో ఫ్లోరైడు హెచ్చుగా పోవునని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రకటించిరి. ఆ పరీక్ష జరిగినది కొద్దిమంది బాలురపై. కావున పులుసు నీటిమార్పునకు బదులు కాజాలదు.

ఇంటిలో ఒక్క పెద్దకు నడుము వంగినచో అది ఆ ఒక్కరి వయసు కావచ్చును. వీధిలో పలువురు యాబది దాటకముందే వంగినచో తప్పు వయసుది కాదు, బావిది. సీసాడు నీరు పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపినచో ఆ సంగతి తేలును. పెద్దల నొప్పికి కారణము తెలియుటతో పాటు, అదే నీరు త్రాగుచున్న మనుమల పండ్లకు, వెన్నునకు రక్షణ కలుగును.