ఫీజులో ఉన్న పుస్తకమే.. లింకే తెరుచుకోదు!

సాయంత్రం డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో మేయర్ స్క్వేర్ ట్రామ్ స్టాప్ దగ్గర నిలబడితే తెలుగు వినపడని రోజు ఉండదు. మాస్టర్స్ చదవడానికి వచ్చిన మన పిల్లలే చాలామంది. తరగతులు నడిచే రోజుల్లో స్టాంప్ 2 మీద వారానికి 20 గంటలే పని చేయాలి. ఆ షిఫ్టులు చేసుకుని, మిగిలిన రాత్రుల్లోనే చదువు. అలాంటి రాత్రి పదకొండు గంటలకు కోర్సు పేజీలోని పాఠ్యపుస్తకం లింకు నొక్కితే ‘సెషన్ ముగిసింది’ అని వస్తే?

మొన్న మా బంధువుల అమ్మాయికి అదే ఎదురైంది. అసైన్‌మెంట్‌కు రెండు రోజులే గడువు. కొత్త పుస్తకం కొనాలంటే వారం సరుకుల డబ్బు. ‘బాబాయ్, టెలిగ్రామ్‌లో పీడీఎఫ్ ఉందంట, దించుకోనా?’ అని ఫోన్ చేసింది. కోర్సు పేజీ వదిలేసి నేరుగా లైబ్రరీ సైటులో పుస్తకం పేరుతో వెతకమన్నాను. రెండు నిమిషాల్లో తెరుచుకుంది! లైబ్రరీ ఎప్పుడో డబ్బు కట్టిన పుస్తకమది. చెడింది లింకు ఒక్కటే.

ఎందుకిలా? లాగిన్ అయి ఈ-బుక్ తెరిచినప్పుడు బ్రౌజర్ పైన కనిపించే పొడవాటి అడ్రసు చాలాసార్లు పుస్తకం చిరునామా కాదు. అందులో ఆ పూట లాగిన్ గుర్తు కలిసి ఉంటుంది. సినిమా టికెట్ లాంటిదన్నమాట, ఆట అయిపోతే చెల్లదు. లెక్చరర్ దాన్నే కాపీ చేసి పెడతారు. ఆయనకు ఆ రోజు బాగానే తెరుచుకుంటుంది కాబట్టి తేడా తెలియదు.

పెట్టాల్సింది పర్మాలింక్. ఈ-బుక్ పేజీలోనే ‘షేర్’ అనో ‘పర్మాలింక్’ అనో బటన్ ఉంటుంది. చాలా పుస్తకాలకు డీఓఐ కూడా ఉంటుంది, 10తో మొదలయ్యే నంబరు. పబ్లిషర్ తన సైటు మొత్తం మార్చేసినా, ఆ నంబరు వెనక కొత్త చిరునామా నమోదు చేస్తే పాత లింకులన్నీ పనిచేస్తాయి. సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు బాగా నచ్చిన ఏర్పాటిది.

అంతటితో అయిపోలేదు. క్యాంపస్‌లో ఉంటే కాలేజీ నెట్‌వర్క్‌ను బట్టి పబ్లిషర్ మనల్ని గుర్తుపడతాడు. అద్దె గదిలోంచి తెరిస్తే మనమెవరో అతనికేం తెలుసు? అందుకే లింకు ముందు లైబ్రరీ ప్రాక్సీ అడ్రసు తగిలించాలి. ఈ పనికి చాలా లైబ్రరీలు వాడే ఈజీప్రాక్సీని 1999లో రాసింది అరిజోనాలోని ఒక కమ్యూనిటీ కాలేజీ లైబ్రేరియన్ క్రిస్ జగార్. లైబ్రరీ కష్టం లైబ్రేరియన్‌కే తెలుస్తుంది మరి! ప్రాక్సీ లేకుండా కాలేజీ లాగిన్‌తోనే లోపలికి పంపే పద్ధతీ ఉంది. ఐర్లండ్‌లో దాని పేరు ఎడ్యుగేట్, నడిపేది ఈ డాక్‌ల్యాండ్స్‌లోనే ఆఫీసు ఉన్న హీయానెట్. మన దేశంలో గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ ఇన్‌ఫెడ్ పేరుతో ఇలాంటిదే నడుపుతోంది.

ఇన్ని చేసినా పర్మాలింక్ శాశ్వతమేమీ కాదు. 2022లో వైలీ సంస్థ ప్రోక్వెస్ట్ సేకరణ నుంచి 1,300కు పైగా ఈ-బుక్‌లను విద్యాసంవత్సరం మొదట్లోనే తీసేసింది. గొడవయ్యాక కొన్ని నెలలపాటు తిరిగి ఇచ్చింది. లింకు బాగున్నా అవతల పుస్తకం ఉండాలి కదా. కొన్నిటికి ఒకసారి ఒకరో ముగ్గురో మాత్రమే చదివే లైసెన్సు ఉంటుంది. తరగతిలో అరవై మంది ఉంటే గడువు ముందు రాత్రి క్యూ తప్పదు. అందుకే ఈ లింకుల పని లెక్చరర్ల మీద వదలకుండా లైబ్రరీకే అప్పగించి, ప్రతి టర్మ్ ముందు సరిచూడాలని నా అభిప్రాయం.

పిల్లలకు ఒక్క మాట. లింకు తెరుచుకోకపోతే డబ్బు పెట్టి కొనకముందే లైబ్రరీ సైటులో పేరుతో వెతకండి. దొరికినా, దొరకకపోయినా మాడ్యూల్ కోడ్, పుస్తకం పేరు, ఎర్రర్ స్క్రీన్‌షాట్ పెట్టి లైబ్రరీకి మెయిల్ చేయండి. లెక్చరర్‌కు కాపీ పెట్టడం మరవొద్దు, కోర్సు పేజీలో లింకు మార్చాల్సింది ఆయనే.