సర్కారు ఆసుపత్రి: డబ్బు ఎవరిది, తనిఖీ ఎవరిది, అడగవలసింది ఎవరిని?

ఉపకార వేతనాల దరఖాస్తులో ‘కుటుంబ పరిస్థితి’ అనే గడి ఒకటి ఉంటుంది. అందులో తల్లిదండ్రులు రాసే కారణాల్లో పంట పోవడం, పని పోవడంతో పాటు మాటిమాటికీ కనిపించేది ఆసుపత్రి ఖర్చు. ఇంట్లో ఒకరు మంచం పడితే ఆ ఏడాది పిల్లల ఫీజుకు ఎసరు వస్తుంది. అందుచేత ప్రభుత్వ వైద్యానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, అది సరిగా ఖర్చయిందో లేదో ఎవరు చూస్తారు అన్నది చదువుకు సంబంధం లేని విషయం కాదు. తరతరాలుగా కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాంలలో స్థిరపడిన మన కుటుంబాలకు ఈ సంగతి మరికొంత అవసరం. ఇంట్లో మనం మాట్లాడేది తెలుగు, మన వైద్యానికి పూచీ పడవలసిన ప్రభుత్వం మాత్రం కాగితాలు నడిపేది వేరే భాషలో.

రాజ్యాంగం చేసిన పంపకం

మన రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో అధికారాలను మూడు జాబితాలుగా పంచింది. ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, ఆసుపత్రులు, డిస్పెన్సరీలు రాష్ట్రాల జాబితాలో 6వ అంశం. అంటే బళ్ళారి ఆసుపత్రికి బెంగళూరు, హోసూరు ఆసుపత్రికి చెన్నై, బరంపురం ఆసుపత్రికి భువనేశ్వర్, షోలాపూరు ఆసుపత్రికి ముంబయి జవాబు చెప్పాలి. మందులు, వైద్య విద్య, డాక్టరు వృత్తి, ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి అంటువ్యాధులు పాకకుండా చూడడం మాత్రం ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. కేంద్రం, రాష్ట్రం ఇద్దరిదీ అన్న పని ఒక్కోసారి ఎవరిదీ కాకుండా పోతుంది. దీనికి బళ్ళారిలోనే ఒక ఉదాహరణ ఉంది.

2024 నవంబరులో బళ్ళారి ప్రభుత్వ ఆసుపత్రిలో సిజేరియన్ కాన్పులు అయిన తల్లుల్లో ఐదుగురు కొద్ది వారాల వ్యవధిలో చనిపోయారు. వారికి ఎక్కించిన రింగర్ లాక్టేట్ అనే సెలైను మీద అనుమానం వచ్చింది. ఆ సెలైను ఎన్ని చేతులు మారి ఆ తల్లుల దాకా వచ్చిందో విద్యార్థులు జాగ్రత్తగా గమనించాలి. తయారు చేసిన కంపెనీ పశ్చిమ బెంగాల్‌ది. కాబట్టి ఫ్యాక్టరీ తనిఖీ అక్కడి రాష్ట్ర అధికారులు, కేంద్ర అధికారుల చేతిలో ఉంటుంది. కొన్నది కర్ణాటక ప్రభుత్వపు మందుల సరఫరా సంస్థ. కర్ణాటక ప్రయోగశాల కొన్ని బ్యాచ్‌లను పరీక్షించి నాసిరకమని తేల్చింది. అయితే 1940 నాటి ఔషధాల చట్టం ప్రకారం అటువంటి నివేదికను కంపెనీ సవాలు చేయవచ్చు. అప్పుడు నమూనా కోల్‌కతాలోని కేంద్ర ప్రయోగశాలకు పోతుంది, అక్కడి తీర్పే ఆఖరిది. కేంద్ర ప్రయోగశాల కొన్ని బ్యాచ్‌లు బాగున్నాయని చెప్పినందువల్లే వాటిని వాడకానికి విడుదల చేశారని రాష్ట్ర ఆరోగ్య మంత్రి ఆ తరువాత ప్రకటించారు. రాష్ట్ర ప్రభుత్వం తన ఔషధ నియంత్రణాధికారిని సస్పెండ్ చేసి, కేంద్రానికి లేఖ రాసింది.

తయారీ ఒక రాష్ట్రంలో, కొనుగోలు మరో రాష్ట్రంలో, ఆఖరి పరీక్ష కేంద్రం చేతిలో. ప్రాణం పోయిన ఇల్లు మాత్రం ఒక్కటే. అధికారి సస్పెన్షను పేపర్లో పెద్ద అక్షరాలతో వస్తుంది. కానీ అటువంటిది మళ్ళీ జరగకుండా ఆపేది సస్పెన్షను కాదు. ఒక రాష్ట్రం వద్దన్న బ్యాచ్ నంబరు ఆ రోజే మిగతా రాష్ట్రాల గోడౌన్లకూ తెలిసే ఏర్పాటు ఉంటే అది ఆపగలదు.

మందుబిళ్ళ ప్రయాణం

ఇదే పనిని ఓపిగ్గా నడిపిన పద్ధతి ఒకటి తమిళనాడులో ఉంది. 1994లో అక్కడ ప్రభుత్వం తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ స్థాపించింది. 1995 నుంచి రాష్ట్రంలోని ప్రభుత్వ ఆసుపత్రులకు మందులన్నీ అదే టెండరు పిలిచి కొంటోంది. కంపెనీ పేరుతో కాకుండా మందు అసలు పేరుతో కొనడం, సరుకు జిల్లా గోడౌనుకు చేరాక ప్రతి బ్యాచ్ నుంచి నమూనా తీసి పరీక్షకు పంపడం, నివేదిక వచ్చాకే ఆసుపత్రులకు ఇవ్వడం, అట్టల మీద ప్రభుత్వ ముద్ర వేయించడం ఇందులో ముఖ్యమైన మెట్లు. ఆ ముద్ర ఉన్న బిళ్ళ బయట మందుల షాపులో కనబడితే దొంగ సరుకని ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది.

అన్నిటికంటే మెచ్చుకోదగింది పాస్‌బుక్కు పద్ధతి. ప్రతి ఆసుపత్రికీ బ్యాంకు పుస్తకం లాంటిది ఒకటి ఇస్తారు. ఈ ఏడాది మీ మందులకు ఇంత అని అందులో జమ రాస్తారు. గోడౌను నుంచి మందు తెచ్చినప్పుడల్లా దాని విలువ తీసివేస్తారు. ఏ ఊరి ఆసుపత్రి ఏ మందు ఎంత వాడింది, ఎంత మిగిలింది అన్నది ఆ పుస్తకం చూస్తే చాలు. ఇది పెద్ద సాంకేతిక విద్య కాదు, మన కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాంటిదే. తరువాత కేరళ, రాజస్థాన్ వంటి రాష్ట్రాలు ఈ దారి పట్టాయి. ఒడిశా 2013లో తన మెడికల్ కార్పొరేషన్, 2015లో ‘నిరామయ’ ఉచిత మందుల పథకం పెట్టింది. ఓపీ చీటీ మీద డాక్టరు మందు రాసి, కౌంటరులో ‘లేదు, బయట కొనుక్కోండి’ అంటే, ఆ మందు స్టాకు ఎందుకు లేదని అడగడం కోరిక కాదు, లెక్క అడగడం.

డబ్బు సంగతి

వైద్యానికి దేశం మొత్తం మీద అయ్యే ఖర్చులో ప్రజలు నేరుగా జేబులో నుంచి తీసి పెట్టేది 2013-14లో 64.2 శాతం. 2021-22 నాటికి ఇది 39.4 శాతానికి తగ్గిందని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. తగ్గుదల నిజంగా పెద్దదే. అయినా ప్రతి వంద రూపాయల్లో దాదాపు నలభై ఇంటివాళ్ళవే అన్నమాట. కేంద్రం, రాష్ట్రాలు కలిపి ఆరోగ్యానికి పెట్టిన ఖర్చు అదే 2021-22లో జాతీయ ఆదాయంలో 1.84 శాతం. 2025 నాటికి 2.5 శాతానికి చేర్చాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం లక్ష్యంగా పెట్టుకుంది. రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతానికి మించి ఆరోగ్యానికి ఇవ్వాలని పదిహేనవ ఆర్థిక సంఘం కూడా సూచించింది.

2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషను, ఇప్పటి జాతీయ ఆరోగ్య మిషను, కేంద్ర, రాష్ట్రాల ఉమ్మడి డబ్బుతో నడుస్తుంది. పెద్ద రాష్ట్రాల్లో కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. ఆశా కార్యకర్తల ప్రోత్సాహకాలు, ఉపకేంద్రాల ఖర్చులు చాలావరకు ఇందులోవే. మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 1,20,000 మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది ప్రమాణం. మీ తాలూకా జనాభాను ఈ అంకెలతో భాగించి చూస్తే ఎన్ని ఉండాలో, ఎన్ని ఉన్నాయో ఎనిమిదో తరగతి పిల్లలైనా చెప్పగలరు.

కామర్సు, ఎకనామిక్సు చదివే విద్యార్థులకు ఒక మాట. బడ్జెట్ పుస్తకంలో ఒకే పద్దుకు మూడు అంకెలు ఉంటాయి: మొదటి అంచనా, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు. మంత్రిగారి ప్రసంగంలో వినిపించేది మొదటిది. ఆసుపత్రికి నిజంగా చేరింది తెలియాలంటే మూడవది చూడాలి, అది సుమారు రెండేళ్ళ తరువాతగానీ కనబడదు.

ఆ మూడవ అంకెను తనిఖీ చేసేది కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, వాడుకలో కాగ్. రాష్ట్రానికి సంబంధించిన నివేదిక గవర్నరుకు, అక్కడి నుంచి శాసనసభకు వెళుతుంది. దాన్ని ప్రజా పద్దుల సంఘం పరిశీలిస్తుంది. 2023 ఆగస్టులో ఆయుష్మాన్ భారత్ బీమా పథకంపై కాగ్ నివేదిక పార్లమెంటుకు వచ్చింది. సుమారు ఏడున్నర లక్షల మంది లబ్ధిదారుల పేర్లు 9999999999 అనే ఒకే ఫోను నంబరుకు ముడిపడి ఉన్నాయని అందులో బయటపడింది. అర్హతను ఫోను నంబరుతో నిర్ణయించడం లేదని ప్రభుత్వం జవాబిచ్చింది. ఏది ఏమైనా ఇటువంటి తప్పు పట్టుకోగలిగింది బయటి ఆడిటరే.

ఆడిటు ఆలస్యంగా వచ్చే తనిఖీ. అప్పటికప్పుడు చేసే తనిఖీ ఊరివాళ్ళదే. 2007లో ఆరోగ్య మిషను కింద తొమ్మిది రాష్ట్రాల్లో ‘సామాజిక పర్యవేక్షణ’ ప్రయోగాత్మకంగా పెట్టారు. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర నాలుగూ అందులో ఉన్నాయి. నర్సు వచ్చిందా, మందులు ఉన్నాయా, డబ్బులు అడిగారా అని గ్రామస్థులే విచారించి, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులతో ఊరి ఆరోగ్య ప్రగతి పత్రం తయారు చేసేవారు. పిల్లల మార్కుల పత్రం లాంటిదే, కాకపోతే మార్కులు ఆసుపత్రికి. తరువాత బహిరంగ విచారణలో అధికారుల ముందు చదివి వినిపించేవారు. మహారాష్ట్రలో ఇది చాలా ఏళ్ళు నిలబడింది. మిగతాచోట్ల అంతగా వేళ్ళూనలేదు. కానీ ప్రభుత్వ ఆసుపత్రులకు అనుబంధంగా కమిటీలు ఇప్పటికీ ఉన్నాయి. ఒడిశాలో రోగి కల్యాణ సమితి, మహారాష్ట్రలో రుగ్ణ కల్యాణ సమితి, కర్ణాటకలో ఆరోగ్య రక్షా సమితి అంటారు. చిన్న మరమ్మతులు, మంచినీళ్ళు, శుభ్రత వంటి వాటికి డబ్బు వీరి చేతిలో ఉంటుంది. మనవాళ్ళు గుడి కమిటీలో స్థానం కోసం పడే శ్రమలో కొంత ఇక్కడ పడితే బాగుండును.

కార్డు ఎక్కడిదో, వైద్యం అక్కడిది

2007 ఏప్రిల్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో. అనంతపురం పక్కన బళ్ళారి, శ్రీకాకుళం అవతల గంజాం. బంధువులు ఒకే కుటుంబంవాళ్ళే, ఇవతలివారికి కార్డు వచ్చింది, అవతలివారికి రాలేదు. ఈ పథకాలు భాషను చూడవు, రేషను కార్డును చూస్తాయి.

ఆయుష్మాన్ భారత్ 2018 సెప్టెంబరులో వచ్చాక కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు, దేశంలో ఎక్కడైనా చేర్చిన ఆసుపత్రిలో చికిత్స అన్నారు. ఒడిశా 2025లో ఇందులో చేరింది. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్ళు దాటిన వారికి ఆదాయంతో పని లేకుండా ఇస్తున్నారు. మన ఇళ్ళలోని పెద్దలకు ఈ కార్డు తీయించారో లేదో చూసుకోవాలి. ఒక జాగ్రత్త. కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర తమ సొంత డబ్బుతో అదనంగా కొన్ని కుటుంబాలను చేర్చుకున్నాయి. ఆ కుటుంబాల కార్డు సరిహద్దు దాటితే చెల్లుతుందన్న హామీ లేదు. బరంపురం నుంచి విశాఖపట్నానికో, బళ్ళారి నుంచి కర్నూలుకో రోగిని తీసుకువెళ్ళే ముందే ఆసుపత్రి బీమా కౌంటరుకు ఫోను చేసి కార్డు నంబరు చెప్పి అడగడం మంచిది.

యానాం పరిస్థితి మరీ విచిత్రం. చుట్టూ ఆంధ్రప్రదేశ్, పాలన పుదుచ్చేరిది. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రి పుదుచ్చేరి ఆరోగ్య శాఖ కింద ఉంది. 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన జిప్మర్ విభాగం కేంద్రానిది. పెద్ద జబ్బుకు పోయే కాకినాడ పెద్దాసుపత్రి ఆంధ్రప్రదేశ్‌ది. ఒకే ఊరి మనిషి ఫిర్యాదు రాయవలసిన చిరునామాలు మూడు.

అత్యవసరమైతే ఈ లెక్కలేవీ వర్తించవు. పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక కూలీని ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని వెంట ఒకటి పడకలు లేవని తిప్పి పంపిన కేసులో 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సమయానికి వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును భంగపరచడమేనని, డబ్బు లేదన్న సాకు చెల్లదని అన్నది. అతనికి 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది.

కాగితం రాసే పని పిల్లలది

ఇంటి పెద్దలకు తెలుగు తప్ప కన్నడమో ఒడియానో మరాఠీయో రాయడం రాకపోవచ్చు. పిల్లలకు బడిలో వచ్చింది ఆ భాషే. సమాచార హక్కు చట్టం, 2005 ప్రకారం దరఖాస్తు ఇంగ్లీషు, హిందీ లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో ఉండాలి. రాయలేని వారు నోటితో చెబితే రాసుకోవడానికి సాయపడవలసిన బాధ్యత అధికారిదే. ఈ నాలుగు రాష్ట్రాల్లో రుసుము పది రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికి అదీ లేదు. కర్ణాటక, మహారాష్ట్రల్లో ఒక దరఖాస్తులో ఒకే విషయం, 150 మాటలకు మించకుండా అడగాలి. ఒడిశాలో నిర్ణీత ఫారం వాడాలి. ‘ఆసుపత్రి ఎందుకు బాగోలేదు’ అని అడిగితే జవాబు రాదు. ‘గత ఏప్రిల్ నుంచి ఈ మందు ఎంత వచ్చింది, ఎంత ఇచ్చారు, ఏ తేదీల్లో నిల్వ లేదు, స్టాకు రిజిస్టరు నకలు ఇప్పించగలరు’ అని అడగాలి.

జవాబుకు గడువు 30 రోజులు. ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటలు, ఆ సంగతి దరఖాస్తు పైనే స్పష్టంగా రాయాలి. గడువులో జవాబు రాకపోతే తరువాతి 30 రోజుల్లో అదే కార్యాలయపు పై అధికారికి మొదటి అప్పీలు వేయవచ్చు. దరఖాస్తు ఇచ్చిన రోజు రసీదు అడిగి తీసుకోండి, దాని జిరాక్సు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.