పవర్ బ్యాంక్ నుంచి బోరు మోటర్ దాకా.. ఏ మెషీనూ 100% ఎందుకు ఇవ్వలేదు?

పోయిన వేసవిలో మా ఊరు పామిడికి వెళ్తూ, రివ్యూ చేయాల్సిన ఓ 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌ను వెంట తీసుకెళ్లా. ఫుల్ ఛార్జ్ చేసి యూఎస్‌బీ మీటర్‌తో కొలిస్తే బయటికి వచ్చింది 31 వాట్ అవర్లు. లోపలి సెల్ 3.7 వోల్టులది కాబట్టి ఉండాల్సింది 37. మిగతా 6 ఏమయ్యాయి? చేత్తో ముట్టుకుంటే తెలిసింది. వేడి!

అప్పుడే మా చిన్నాయన ఫోన్‌లో ఓ వీడియో చూపించాడు. "కరెంటే లేకుండా మోటరు ఆడుతుందంటప్పా. 40 వేలు అడ్వాన్స్ కట్టమంటుండారు."

మోటర్ డైనమోను తిప్పుతుందట. డైనమో కరెంట్ మళ్లీ మోటర్‌కే వెళ్తుందట. మిగిలిన కరెంట్‌తో బోరు నడుస్తుందట. చీనీ చెట్లేమో ఆకు రాలుస్తున్నాయి. వ్యవసాయ కరెంట్ వచ్చేది పగలు 9 గంటలే. ఆయన ఆశపడటంలో తప్పేముంది?

ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. మోటర్, డైనమో రెండూ మంచివే, చెరో 85 శాతం ఎఫిషియెన్సీ అనుకుందాం. మోటర్‌కి 1000 వాట్లు ఇస్తే షాఫ్ట్‌కి చేరేది 850. డైనమో నుంచి వచ్చేది 722. ఇంకో రౌండ్‌కి 522, ఆ తర్వాత 377. ఇంకా బోరులోంచి ఒక్క చుక్క కూడా తోడలేదు!

రాగి తీగలో రెసిస్టెన్స్, బేరింగుల్లో రాపిడి, ఇనుప కోర్‌లో లాస్.. అన్నీ చివరికి వేడిగానే మారతాయి. "ఆ వేడినే మళ్లీ కరెంట్ చేసుకోవచ్చు కదా" అన్నాడు చిన్నాయన. మంచి ప్రశ్నే. కానీ వేడిని పూర్తిగా పనిగా మార్చే ఇంజిన్ సాధ్యం కాదు. దానికో గరిష్ఠ పరిమితి ఉందని ఫ్రెంచ్ ఇంజనీర్ సాడీ కార్నో 1824లోనే చూపించాడు. నీళ్లు కాచుకునే హీటర్ రాడ్ మాత్రం దాదాపు మొత్తం కరెంట్‌నూ వేడిగా మార్చేస్తుంది. మనం అడిగేదే వేడి కదా మరి.

సరే, లాసే లేని మోటర్, డైనమో దొరికాయనుకోండి. అప్పుడు కూడా ఆ రెండూ ఒకదాన్నొకటి తిప్పుకుంటాయంతే, పంపుకి మిగిలేది సున్నా.

చిన్నాయన ఆ అమ్మేవాడికి ఫోన్ చేసి ఒక్కటే అడిగాడు: "పెట్టె మూత తీసి, బ్యాటరీ లేకుండా, మా చేలో ఒక దినమంతా ఆడించి చూపిస్తావా?" అవతల ఫోన్ కట్. 40 వేలు మిగిలాయి.

మీరూ పవర్ బ్యాంక్ కొనేటప్పుడు పెద్ద అక్షరాల ఎంఏహెచ్ ఒక్కటే చూడకండి. చిన్న అక్షరాల్లో 'రేటెడ్ కెపాసిటీ' అని ఉంటుంది, ఫోన్‌కి అందేది దాదాపు అదే. వైర్‌లెస్ ఛార్జింగ్‌లో లాస్ ఇంకా ఎక్కువ. మా పామిడి ఎండల్లాంటి చోటైతే కేస్ తీసి, నీడలో పెట్టి, కేబుల్‌తోనే ఛార్జ్ చేయండి.