ఎండ దెబ్బకు ఎండే మందు

అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ కెల్నర్‌కు లెక్క కుదరడం లేదు. స్ట్రెప్టోమైసిన్ మందునిచ్చే స్ట్రెప్టోమైసిస్ గ్రీసియస్ సూక్ష్మజీవి మీద అతినీలలోహిత కిరణాలు పంపి, ఎన్ని బతికాయో లెక్కపెట్టేవారు. కిరణాల మోతాదు ఒకటే అయినా ఒకసారి ఏ కొన్నో మిగిలేవి, మరోసారి లెక్కకు మించి బతికేవి. మొదట ఉష్ణోగ్రతను అనుమానించారు. చివరికి తేలిందేమిటంటే, మామూలు వెలుతురు సోకినవే కోలుకుంటున్నాయి! 1949లో ఈ సంగతి వెల్లడించారు. అదే ఏడాది రెనాటో డల్బెకో, బాక్టీరియాను చంపే వైరస్‌లలోనూ ఇదే చూశారు.

జరిగే గాయం ఇది. అతినీలలోహిత కిరణం తగిలితే డీఎన్ఏ పోగులో పక్కపక్కనే ఉన్న రెండు థైమిన్ అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఆ ముడి దగ్గరకు రాగానే డీఎన్ఏకు నకలు తీసే ఎంజైము ఆగిపోతుంది. ఇలాంటి ముడులు విప్పకపోతే కణం చచ్చిపోవచ్చు.

విప్పేది ఎవరు? 1958లో స్టాన్ రూపర్ట్ బృందం ఈకోలై బాక్టీరియా కణాలను చితక్కొట్టి రసం తీసి, దాంతో మరో బాక్టీరియా డీఎన్ఏను గాజు గొట్టంలోనే, వెలుతురు కింద బాగుచేసి చూపింది. పనిచేసేది ఒక ఎంజైమని అలా తెలిసింది. దాని పేరు ఫోటోలయేజ్. అయితే ఒక్కో ఈకోలై కణంలో అవి పది, ఇరవైకి మించవు. అంత కొద్ది సరుకును పట్టుకుని చదవడమెలా? రూపర్ట్ దగ్గర చేరిన తుర్కియే డాక్టరు అజీజ్ సంజార్ 1976లో దాని జన్యువునే వేరుచేసి, బాక్టీరియా చేతే ఆ ఎంజైమును విస్తారంగా తయారు చేయించే దారి తెరిచారు.

1995లో దాని ఆకృతి బయటపడింది. 471 అమైనో ఆమ్లాల ఆ ప్రొటీన్‌కు ఒక పక్క ధనావేశపు గాడి, గాడి మధ్యలో చిన్న గుంట. రుణావేశమున్న డీఎన్ఏ ఆ గాడిలో అతుక్కుంటుంది. ముడిపడ్డ థైమిన్ల జంట మెలి తిరిగి బయటికొచ్చి గుంటలో కూర్చుంటుంది. గుంట అడుగున బీ2 విటమిన్ నుంచి పుట్టిన ఫ్లావిన్ ఉంటుంది. అంచున ఫోలేట్ అణువు యాంటెనాలా వెలుగును అందుకుని ఫ్లావిన్‌కు శక్తి అందిస్తుంది. (ఫోలేట్ కుటుంబంలోని ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో తయారుచేసిన లెడర్లీ మందుల కంపెనీ బృందానికి సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే.) ఫ్లావిన్ ఒక ఎలక్ట్రాన్‌ను థైమిన్లకు అప్పిస్తుంది, ముడి వీడుతుంది, అప్పు తిరిగి చేతికొస్తుంది. వెలుగు తగిలాక ఇదంతా సెకనులో సుమారు వందకోట్లవ వంతులోనే! ఇంత పొదుపైన యంత్రాన్ని నేను వేరే ఎక్కడా చూడలేదు.

చీకట్లో ఈకోలైకి మరో దారి ఉంది. యూవీఆర్ ఏ, బీ, సీ ప్రొటీన్లు గాయానికి అటూ ఇటూ కోసి 12, 13 అక్షరాల ముక్కను తీసేస్తాయి, ఖాళీని వేరే ఎంజైములు పూడుస్తాయి. 1983లో దీన్ని తేల్చిందీ సంజారే. 2015లో థామస్ లిండాల్, పాల్ మాడ్రిక్‌లతో కలిసి ఆయన రసాయన నోబెల్ అందుకున్నారు.

ఫోటోలయేజ్ కంగారూలలో ఉంది, మనలో లేదు. ఎండ చేసిన ఈ గాయాలకు మనకున్నది అలాంటి కోత పద్ధతి ఒక్కటే. అది కూడా పుట్టుకతో లోపించిన పిల్లలకు జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే జబ్బు వస్తుంది. వాళ్లు పగటి ఎండ ఒంటికి తగలకుండా బతకాలి.